ఏడు బావుల ఆట

దాని అసలు పేరు మాకెవరికీ తెల్వదు.
అట్టమీది అక్షరాలు జపానువని జానీమియా అనేటోడు,
కాదు చైనావని వాళ్ల తమ్ముడు.
కత్తి పట్టిన పోరడు, ఏడు బావులు,
బావి బావికీ నీళ్లు తాగితే ప్రాణం నిండుతది.
గందుకే ఏడు బావుల ఆట.

నల్లగొండ గడియారం సెంటర్ల
చెప్పుల దుకాణం మీది అర్ర.
అరగంటకు అయిదు రూపాయలు.
మర్రిగూడ నుంచి ఆదివారం బస్సుకొచ్చేటోళ్లం
నేనూ, బిక్షం.
మెట్లు పదకొండు.
నేను లెక్కపెట్టలే, బిక్షం పెట్టిండు.

మొదటిది బూడిదరంగు క్యాసెట్.
ఊదితేనే పనిజేసేది.
చెట్లంటే చెట్లు కావు, పచ్చ గళ్లు.
బావంటే నీలం గడి, నడుమ తెల్ల చుక్క.
పోరడు నడుస్తడు, ఉరకడు.
కలెక్టరు కొడుకొచ్చి ఆడినా
వాడు అంతే నడుస్తడు.
బిక్షం నాలుగో బావి దాంక పోయేటోడు,
నేను రెండోదాని కాడ్నే సచ్చేటోన్ని.

రెండోది చేతిల పట్టేది.
బిక్షం మేనమామ కోఠిల పాత సామాన్ల కాడ కొన్నడు.
నాలుగు సెల్లులు మింగుతది.
రంగుల్లేవు,
ఎండిన పెసరచేను లెక్క నాలుగు తీర్ల పచ్చ.
పెద్ద గుహను ముక్కలు కోసి
అగ్గిపెట్టెల్ల సర్దిండ్రు.
సంగీతం ఈగ గొంతు.
అన్నిటికన్నా అన్యాలం ఏందంటే
బావి నీళ్లూ, విషపు మడుగూ ఒకటే పచ్చ.
ఏది తాగాల్నో ఎట్ల తెలుస్తదిరా అని
నేను దాన్ని మంచం మీదికి ఇసిరేసిన.

మూడోది డిస్కు.
దానికోసం జానీమియా ఏసీ పెట్టిచ్చిండు,
రేటు ఇరవై జేసిండు.
అబ్బ, ఏం రంగులు!
గాలికి గడ్డి ఊగుతది, పోరడు మాట్లాడతడు.
తలుపు తలుపుకీ మాత్రం ఆగాలె.
చీకట్ల ఎవరో చాటల గింజలు చెరుగుతున్నట్టు
లోపల డిస్కు చప్పుడు.
బావిల నీళ్లు అడుగు కనపడేటంత తేట.
ఒక కొత్త బటన్ గూడ: నొక్కితే ఉరుకుతడు.
ఉరుకు, ఉరుకు అని ఎనక పిల్లలందరు ఒర్రుడు.

బిక్షం ఆ బటన్ మీద వేలు పెట్టి, తీసిండు.
మొదటి బావి కాడ్నే ఆపి నా చేతికిచ్చిండు.
"ఇంత తేట నీళ్లు నేను తాగరా."

నవ్విన.
దిగేటప్పుడు ఆరో మెట్టు మీద కూసుండు.
వాని మోకాళ్లు లోపలికి వంగి
ఒకదాన్నొకటి ఏదో అడుగుతున్నట్టుంటయి.
"మీకు బాయి ఉండె.
మా వాడకట్టు బోరింగు నీళ్లు గూడ గట్లనే ఉండె,
గ్లాసుల పోస్తే అవతలి గోడ కనపడేది.
ఫ్లోరైడుకు రంగు లేదు గదా.
ఆ చేతి ఆటే నయం.
ఏది మంచిదో తెల్వదు అని మొకం మీదనే చెప్పింది."
బస్సు టైమయితుందని లేచిండు.

ఇప్పుడు మూడూ నా ఫోన్లనే ఉన్నయి.
అన్నం తిన్నంక పక్కపక్కన పెట్టి పోలుస్త.
అయిదో బావి కాడ వంతెన దీంట్ల ఉంది, దాంట్ల లేదు.
ఏది గొప్పదంటే డిస్కుదే అని చెప్త.
అది అబద్ధమేం కాదు.

దుకాణం మూసిననాడు జానీమియా
బూడిద క్యాసెట్ నూటయాభైకి ఇచ్చిండు.
పోయిన నెల దాన్ని చండూరు తీస్కపోయిన.
బిక్షం అక్కడ ఫోన్లు బాగుజేస్తడు.
విప్పిండు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ.
"ఇరవై ఆరేండ్ల సంది మన పేర్లు దీంట్లనే ఉండెరా.
సచ్చింది."
కొత్తది అతికిచ్చిండు, పొగ ఊదిండు,
పాత అలవాటుకు క్యాసెట్ గూడ ఊదిండు.

టీవీల మూడు ఖాళీ గళ్లు.
మొదటి దాంట్ల నా పేరే కొట్టిండు.
వాళ్ల తమ్ముని బిడ్డ ఎగురుకుంట వచ్చి
ఒంటికాలి మీద నిలబడ్డది,
చేతిల నల్లా నీళ్ల చెంబు.
"ఉరికే బటన్ ఏది పెద్దబాపూ?"

"లేదు" అన్నడు బిక్షం.
పోరడు మొదటి బావి దిక్కు
నడుస్తనే ఉన్నడు.